నాన్న వద్దంటున్నా ఫోను చెప్పిన మందే కొట్టించాను. ఏఐ మాట ఎంతవరకు వినాలి?

పల్నాటి_కుర్రాడు
మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న రెండెకరాల్లో మిరప వేశారు, తేజ రకం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. నవంబరు మొదట్లో నాన్న ఫోను చేసి తోటకు ముడత వచ్చిందన్నారు. ఫొటోలు పంపమని, వాటిని ఒక ఏఐ చాట్‌బాట్‌లో పెట్టి అడిగాను. అరనిమిషంలో జవాబు వచ్చింది. తామర పురుగు, ఫలానా మందు, లీటరు నీటికి ఇంత, వారం తర్వాత ఇంకొకటి. పురుగు శాస్త్రీయ నామంతో సహా ఉంది. చదువుతుంటే గుంటూరు లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త పక్కన కూర్చుని చెప్పినట్టే అనిపించింది.

నాన్న మాత్రం "ఇది తామర పురుగులా లేదురా, ఆకు కిందికి వాలుతోంది" అన్నారు. నేను వినలేదు. "అంత వివరంగా చెప్పింది నాన్నా, అదే కొట్టించు" అన్నాను. రెండుసార్లు కొట్టించారు. మందులకూ కూలికీ కలిపి 14 వేలు. ముడత తగ్గకపోగా తోటంతా పాకింది. చివరికి రైతు సేవా కేంద్రం నుంచి ఉద్యాన సహాయకురాలు వచ్చి, ఆకు తిప్పి భూతద్దంతో చూసి, ఇది నల్లి, అంటే ఆకు అడుగున రసం పీల్చే, కంటికి ఆనని పురుగు అన్నారు. అప్పటికే పూత సగం రాలిపోయింది.

నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆఫీసులో నేను రోజూ ఏఐ వాడతాను, అక్కడ బాగానే పనికొస్తుంది. పొలం దగ్గర ఎందుకు ఇలా జరిగింది? ఇలాంటి వాటికి అసలు అడగకూడదా? అడిగితే ఎక్కడ ఆగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి
ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి వాలి, తిరగేసిన పడవలా అయ్యి, కాడ సాగితే నల్లి. పై ముడత, కింది ముడత అంటాం. మీ నాన్నగారు ఫోనులో అన్న మాటలోనే రోగం పేరు ఉంది.

కృష్ణవేణి
ఇది చదివి ప్రాణం ఉసూరుమంది. పూత రాలిన తోట చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చింతచెట్టు_నీడ
ముప్పై ఏళ్లు మిరప పండించిన మనిషి మాట కాదని, ఆ చేను ఎప్పుడూ చూడని యంత్రం మాట విన్నారు. తప్పు సగం దానిది, సగం మనది. నాలుగు అక్షరాలు చదువుకున్నాం కాబట్టి మనకే తెలుసు అనుకుంటాం.

కృష్ణవేణి
ఆ అబ్బాయి తన తప్పు తానే చెప్పుకుంటున్నాడు. పుండు మీద కారం చల్లకండి.

గోదారి_గట్టు
నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. తప్పంతా ఏఐ మీద వేయడం న్యాయం కాదు. మామూలుగా రైతు ఎవరిని అడుగుతాడు? మందుల కొట్టు ఆయనను. ఆకు తెచ్చి బల్ల మీద పెడితే నాలుగు సీసాలు ఎదురుగా పెడతాడు. అందులో రెండు అక్కర్లేనివి. ఏ మందులో మిగులు ఎక్కువో అదే ముందు చేతికి వస్తుంది. ఫోనుకు ఆ కమిషను లేదు.

నిరుడు మా వరికి సుడిదోమ పడితే నేనూ ఏఐనే అడిగాను. ముందు పొలంలో నీళ్లు తీసి ఆరబెట్టండి, నత్రజని ఆపండి అని చెప్పింది. అలాగే చేశాను. చేను నిలబడింది.

ఇంకో సంగతి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుసెనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోనుకు సందేశాలు పంపాయి. విన్న రైతులకు 30 శాతం దాకా ఎక్కువ దిగుబడి వచ్చిందని వాళ్లు ప్రకటించారు. కాబట్టి ఏఐ అనగానే చేటు అనుకోవద్దు.

నల్లరేగడి
గట్టు గారూ, దేవనకొండ ముచ్చట నాకూ తెలుసు. కానీ అక్కడ అడిగింది ఒకే ప్రశ్న: విత్తనం ఎప్పుడు వేయాలి. దానికోసం ఆ ప్రాంతపు వాన లెక్కలు, నేలలో తేమ పెట్టుకుని శాస్త్రవేత్తలు వెనక కూర్చున్నారు. సందేశం తప్పయితే ఇక్రిశాట్ గుమ్మం ఎక్కి అడగవచ్చు. ఇక్కడ ఈ అబ్బాయి వాడింది కవిత్వం రాసేదీ అదే, లెక్కలు చేసేదీ అదే, మిరపకు మందు చెప్పేదీ అదే. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

కొట్టు ఆయన విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. మా ఊళ్లోనూ అంతే.

కోడు_రాసేవాడు
నేను సాఫ్ట్‌వేర్ రంగంలో, ఈ ఏఐ నమూనాలతోనే (మోడల్స్) పనిచేస్తాను. పల్నాటి గారూ, ఒక్క ప్రశ్న. ఫొటోతో పాటు మీరు ఏమని రాశారు? గుర్తుంటే మాట మాటా చెప్పండి.

పల్నాటి_కుర్రాడు
ఇప్పుడే తీసి చూశాను. "మా మిరపకు తామర పురుగు పట్టినట్టుంది, ఫొటో చూసి ఏ మందు కొట్టాలో చెప్పు" అని రాశాను. పక్క చేలో తామర పురుగు ఉందని అంతకుముందే విన్నాను, అందుకే అలా రాశాను.

కోడు_రాసేవాడు
చిక్కు అక్కడే ఉంది. ప్రశ్నలోనే జవాబు పెట్టారు.

ఈ నమూనాలు లెక్కలేనన్ని వాక్యాలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుంటాయి. తర్వాత మనుషులు "ఈ జవాబు బాగుంది, ఇది బాగాలేదు" అని చెబుతూ వాటిని తీర్చిదిద్దుతారు. మన మాటతో ఏకీభవించే జవాబు మనకు సహజంగానే నచ్చుతుంది. అందుకని మనం తామర పురుగు అని మొదలుపెడితే అది తామర పురుగు దారినే పట్టుకుని పోతుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ నమూనాకు తెచ్చిన ఒక మార్పును, అది మరీ అన్నిటికీ తలూపుతోందని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. తయారుచేసినవాళ్లే ఒప్పుకున్న లోపం ఇది.

రెండోది ఫొటో. మీ నాన్నగారు పైనుంచి తీసి ఉంటారు. నల్లి ఉండేది ఆకు అడుగున, అదీ కంటికి ఆనదు. ఫొటోలో లేనిదాన్ని ఏ యంత్రమూ చూడలేదు. అనుభవం ఉన్న మనిషి అయితే "ఆకు తిప్పి చూపించు" అని అడుగుతాడు. ఇది అడగలేదు, ఉన్నదానితోనే మందు రాసేసింది.

మూడోది నాకు అన్నిటికంటే భయం పుట్టించేది. దాని గొంతు మారదు. తెలిసినప్పుడూ అదే ధీమా, తెలియనప్పుడూ అదే ధీమా. మనిషి అయితే నీళ్లు నములుతాడు, తల గోక్కుంటాడు, ఎందుకైనా మంచిది ఇంకొకరికి చూపించండి అంటాడు. ఎవరి మాట ఎంత నమ్మాలో మనం పుట్టినప్పటి నుంచి ఆ గుర్తులను బట్టే నేర్చుకున్నాం. శాస్త్రీయ నామం రాసిందని నమ్మాను అన్నారు చూడండి, ఆ పేరు రాయడం దానికి చిటికెలో పని. రోగం పోల్చుకోవడమే కష్టం.

చింతచెట్టు_నీడ
మూడో మాట నా మనసులో నాటుకుపోయింది.

ల్యాబు_సుజాత
ఆ మూడో మాట మీదే నా వృత్తి నడుస్తోంది. 19 ఏళ్లుగా రక్తపరీక్షల ల్యాబులో ఉన్నాను. ఒక రాత్రి తొమ్మిదింటికి ఒకావిడ రిపోర్టులో ప్లేట్‌లెట్లు 38 వేలని వచ్చింది. ఆమెకు జ్వరం లేదు, ఒంటి మీద మచ్చ లేదు. కంటి ఆపరేషనుకు ముందు మామూలుగా చేయించిన పరీక్ష. వెంట వచ్చిన కొడుకు ఆ అంకె చూసి వణికిపోయాడు. అయితే మా యంత్రం ఆ అంకె పక్కన ఒక గుర్తు వేసింది, ప్లేట్‌లెట్లు గుంపు కట్టి ఉండవచ్చు, చూసుకోండి అని.

గాజు పలక మీద రక్తం పూత తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. పూత తోక వైపు ప్లేట్‌లెట్లు ద్రాక్షగుత్తుల్లా అతుక్కుని ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం కొందరి రక్తాన్ని అలా చేస్తుంది. యంత్రం ఆ గుత్తుల్లో ఉన్నవాటిని విడివిడిగా లెక్కపెట్టలేదు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి చేస్తే 2 లక్షల 10 వేలు.

అది ఏఐ కాదు, చాలా ఏళ్లుగా ఉన్న మామూలు యంత్రమే. కానీ దానికి ఒక మంచి గుణం ఉంది: అనుమానం వస్తే జెండా ఎత్తుతుంది. పల్నాటి గారికి జవాబు చెప్పినదానికి ఆ జెండా లేదు.

గోదారి_గట్టు
జెండా మాట బాగుంది, ఒప్పుకుంటాను. కొట్టు ఆయనకూ జెండా లేదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

లెక్కల_మాస్టారు
సుజాత గారూ, ఆ గుర్తు వచ్చాక కూడా మైక్రోస్కోపు దగ్గరకు వెళ్లని వాళ్లు ఉంటారా?

ల్యాబు_సుజాత
ఉంటారు మాస్టారూ. రోజుకు మూడు వందల నమూనాలు వస్తే, గుర్తు వచ్చిన ప్రతిదానికీ పలక తీయడానికి చేతులు చాలవు. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది యంత్రం నడపడం కాదు, పూత తీయడం. మర్చిపోతే మళ్లీ రాదు. దీనికి రుజువు కూడా ఉంది. పోలెండులో పెద్దపేగు లోపల కెమెరాతో చూసే డాక్టర్లకు, గడ్డలను చూపించే ఏఐ ఇచ్చారు. కొన్నాళ్లు దానికి అలవాటుపడ్డాక, ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో గడ్డలు పట్టుకున్న శాతం 28.4 నుంచి 22.4కు పడిపోయింది. 2025లో లాన్సెట్ వారి జీర్ణకోశ వ్యాధుల పత్రికలో వచ్చింది. అనుభవం ఉన్న డాక్టర్లే వాళ్లంతా.

నల్లరేగడి
ఇదే నా భయం కూడా. ఈయన నాన్నగారు చిన్నప్పటి నుంచి ప్రతి తెగులుకూ ఫోనునే అడిగి ఉంటే "ఆకు కిందికి వాలుతోంది" అన్న మాట ఆయన నోట వచ్చేదా? 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు, పూలలో చేరిన పురుగును మొదట చూసింది చేలో తిరిగే మనుషులే. అప్పటికి మిరపలో అది కొత్త. పాత ఫొటోలతో నేర్చుకున్న ఏ యంత్రమైనా దాన్ని పాత తామర పురుగు అనే చెప్పి ఉండేది.

నెల్లూరు_ప్లీడరు
మా వృత్తిలో ఈ ధీమా గొంతు ఏం చేసిందో చెబుతాను. 2023లో న్యూయార్కులో ఒక విమానసంస్థ మీద వేసిన కేసులో లాయర్లు దాఖలు చేసిన కాగితాల్లో ఆరు తీర్పులు అసలు లేనివి. పేర్లు, నంబర్లు, న్యాయమూర్తులు రాసినట్టున్న వాక్యాలు, అన్నీ చాట్‌జీపీటీ కల్పించినవే. ఆ లాయర్లలో ఒకరు "ఇవి నిజమైన కేసులేనా" అని దాన్నే మళ్లీ అడిగారు. నిజమైనవే అని చెప్పింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

దీనిలో నన్ను కలవరపెట్టేది జరిమానా కాదు. సాక్షి చెప్పింది నిజమా అని ఆ సాక్షినే అడిగి ఊరుకోవడం. మేము మొదటి ఏడాదిలోనే మానుకునే పని అది. మన దేశంలో కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు ఒక విధానం ఇచ్చింది. తీర్పు, ఉత్తర్వు, నిర్ధారణ, వీటికి ఏఐ వాడకూడదు. అనువాదం వంటివాటికి ఆమోదించిన సాధనాలు వాడినా మనిషి సరిచూడాలి. పల్నాటి గారు "ఎక్కడ ఆగాలి" అన్నారు. వాళ్లు గీసిన గీత అక్కడ.

విజయనగరం_పిన్ని
మా అబ్బాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల జాబితా మొత్తం ఏఐతోనే తయారుచేయించాడు. చూడటానికి పట్టిక ముచ్చటగా ఉంది. రాత్రి కూర్చుని ఒక్కొక్క కాలేజీ కోడు సరిచూస్తే ఏడింటికి కోడు ఒకరిది, పేరు ఇంకొకరిది. ముగింపు ర్యాంకులు ఏ సంవత్సరానివో తెలియదు. గడువుకు ముందు రాత్రి కాబట్టి సరిపోయింది. అడిగితే "నీకెలా అనుమానం వచ్చిందమ్మా" అన్నాడు. మా పక్కవీధిలో ఉన్న కాలేజీని వేరే ఊళ్లో ఉందని రాసింది, అక్కడ దొరికింది.

కృష్ణవేణి
పిన్నిగారూ, మీలాంటి తల్లి ప్రతి ఇంటికీ ఉండాలి.

సిరిసిల్ల_రాజి
ఇక్కడ అందరూ మనం అడిగిన ఏఐ గురించి మాట్లాడుతున్నారు. మనం అడగకుండానే మన మీద నిర్ణయం తీసుకునే సాఫ్ట్‌వేర్ సంగతి ఏమిటి?

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. వేర్వేరు ప్రభుత్వ శాఖల జాబితాలన్నీ కలిపి ఒక కుటుంబానికి కారు ఉందా, ఆస్తి ఉందా, ఉద్యోగం ఉందా అని చూపిస్తుంది. రేషన్ కార్డుల ఏరివేతకు దాన్ని వాడారు. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. కొత్త దరఖాస్తులు 1.42 లక్షలు తోసిపుచ్చారు. నోటీసు కూడా ఇవ్వలేదు. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు మరొకరి పేరుతో కలిసిపోయి, ఆయనకు కారు ఉందని వచ్చి, ఇంటికి బియ్యం ఆగిపోయిన సంగతి పత్రికల్లో వచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో రద్దయిన కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని కోర్టు చెప్పింది. ఆ జులై నాటికి 2,05,734 దరఖాస్తులు చూస్తే 15,471 కుటుంబాలు అర్హులని తేలింది.

వంద మందిలో ఏడెనిమిది మంది. శాతంగా చిన్నదిగా కనిపిస్తుంది. ఆ 15,471 ఇళ్లలో ఎన్ని పూటలు పొయ్యి వెలగలేదో ఏ జాబితాలోనూ లేదు.

లెక్కల_మాస్టారు
15,471ని 2,05,734తో భాగిస్తే 7.5 శాతం. సరిపోయింది. అయితే రాజి గారూ, ఆ రద్దులన్నీ సాఫ్ట్‌వేర్ వల్లనే అనవచ్చా? చనిపోయినవాళ్లు, ఊరు మారినవాళ్లు, రెండేసి కార్డులు ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

సిరిసిల్ల_రాజి
అన్నీ అని నేనూ అనను మాస్టారూ. కానీ ఏది ఎందుకు రద్దయిందో ఆ ఇంటివాళ్లకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రిక్షా మనిషి భార్య మర్నాడే వెళ్లి "మాకు కారు ఎక్కడిదయ్యా, వచ్చి చూడండి" అనేది. కంప్యూటర్లో అలా వచ్చింది అంటే ఇక ఎవరితో వాదించాలి?

కోడు_రాసేవాడు
పేర్లు కలిసిపోవడం ఎలా జరుగుతుందో చెబుతాను. అన్ని శాఖల జాబితాల్లో ఒకే గుర్తింపు సంఖ్య ఉండదు. అప్పుడు పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి ఇద్దరూ ఒకరేనా అని అంచనా వేస్తారు. మన పేర్లు ఇంగ్లీషులో రాస్తే ఎన్ని రకాలు! లక్ష్మిని ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. అక్షరం పొల్లుపోకుండా కలవాలంటే ఒకే మనిషి ఇద్దరవుతాడు. కొంచెం అటూఇటూ అయినా సరే అంటే ఇద్దరు మనుషులు ఒక్కరవుతారు. ఎంత తేడాను ఊరుకోవాలో ఎక్కడో ఒక గదిలో ఎవరో నిర్ణయిస్తారు. అది గణితం కాదు. ఎవరు పస్తుండాలి అనే నిర్ణయం. కానీ దాన్ని సాంకేతిక విషయంగా చూసి దాటిపోతారు. నేనూ అలాంటి గదుల్లో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

మెల్‌బోర్న్_మల్లి
ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇంచుమించు ఇదే జరిగింది. రోబోడెట్ అంటారు. సంక్షేమ భత్యం తీసుకున్నవాళ్ల ఏడాది ఆదాయం పన్ను శాఖ నుంచి తెచ్చి, దాన్ని 26 పక్షాలకు సమానంగా పంచి, "మీరు ఆదాయం దాచారు, డబ్బు తిరిగి కట్టండి" అని కంప్యూటరు ఉత్తరాలు పంపింది. 2016 నుంచి 2019 దాకా నడిచింది. తప్పు చేయలేదని రుజువు చేసుకోవాల్సింది ఉత్తరం అందుకున్న మనిషే, అదీ ఏళ్ల నాటి జీతం కాగితాలు వెతికి. 2020లో ప్రభుత్వం 4,70,000 బాకీలకు సంబంధించి 72 కోట్ల 10 లక్షల డాలర్లు వెనక్కి ఇస్తామంది. 2023 జులైలో రాయల్ కమిషన్ అది న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని తేల్చింది. ప్రాణాలు తీసుకున్నవాళ్ల తల్లులు కమిషన్ ముందు మాట్లాడారు. టీవీలో చూస్తూ నేను ఏడ్చాను.

గోదారి_గట్టు
అది ఏఐ ఎలా అవుతుంది? మామూలు భాగహారం.

లెక్కల_మాస్టారు
భాగహారమే, అదే దాని ఘోరం. ఒక మనిషి మొదటి ఆరు నెలలు పనిచేసి 52,000 డాలర్లు సంపాదించాడు అనుకోండి. అంటే 13 పక్షాలు, పక్షానికి 4,000. తర్వాత ఉద్యోగం పోయింది, మిగతా 13 పక్షాలు సున్నా, అప్పుడు భత్యం తీసుకున్నాడు. కంప్యూటరు 52,000ని 26తో భాగించి పక్షానికి 2,000 వచ్చిందంటుంది. పని లేని రోజుల్లో కూడా 2,000 సంపాదించావు, అబద్ధమాడావు అంటుంది. లెక్క తప్పలేదు, మనిషి బతుకు తప్పింది. ఏడో తరగతి పిల్లలకు సగటు పాఠంలో ఇదే చెబుతున్నాను ఇప్పుడు.

మెల్‌బోర్న్_మల్లి
గట్టు గారూ, మీరన్నది నిజమే, అందులో ఏఐ లేదు. నేను చెప్పదలచింది, ఇంత సులువైన లెక్కనే ఆపడానికి ఏళ్లు పట్టింది. ఎలా వచ్చిందో తయారుచేసినవాళ్లే వివరించలేని జవాబును ఎవరు ఆపుతారు?

స్పర్శ
నాకు పుట్టుకతో చూపు లేదు. ఈ చర్చ మొదటి నుంచి వింటున్నాను, ఒక మాట చెప్పకపోతే ఉండలేను.

ఏఐ వచ్చాక ఫోను కెమెరా ముందు కాగితం పెడితే చదివి వినిపిస్తుంది. కరెంటు బిల్లు, శుభలేఖ, మా అమ్మాయి మార్కుల కాగితం, ఇవన్నీ నలభై నాలుగేళ్ల వయసులో మొదటిసారి ఎవరినీ బతిమాలకుండా నేనే చదువుకున్నాను. మార్కుల కాగితం విన్న రోజు నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. అందుకని "వాడకండి" అనే మాటను ఒప్పుకోలేను.

కానీ మాత్రల అట్ట దగ్గర ఆగుతాను. ఒకసారి సగం చింపిన అట్ట చూపిస్తే మందు పేరు పూర్తిగా చదివింది. సగం చిరిగిపోయిన పేరు పూర్తిగా ఎలా వచ్చిందని అనుమానం వేసింది. వేలితో అంచు తడిమి చూశాను, అక్కడ రేకే లేదు. ఎదురింటి అబ్బాయిని పిలిచి, డాక్టరు చీటీ పక్కన పెట్టి చూడమంటే పేరు వేరు. చిరిగిన సగాన్ని అది ఊహించి పూరించింది. శుభలేఖ తప్పు చదివితే నాకు పోయేది ఒక పూట. మాత్ర తప్పితే ఏం పోతుందో చెప్పనక్కరలేదు. నేను గీత గీసుకున్నది అక్కడ.

ల్యాబు_సుజాత
వేలితో అంచు తడిమి చూశాను అన్నారు చూడండి, అది నేను పలక తీసినట్టే. స్పర్శ గారూ, చేతులెత్తి దండం పెడుతున్నాను.

గోదారి_గట్టు
నేను మొదట్లో అన్నదాంట్లో ఒకటి సవరించుకుంటాను. మా వరికి నీళ్లు తీయమని అది చెప్పినప్పుడు నేను వెంటనే చేయలేదు. మా మేనమామను అడిగాను, ఆయన కూడా అదే అన్నాడు, అప్పుడే తూము తెరిచాను. రాసేటప్పుడు ఆ ముక్క వదిలేశాను. ఆయన కాదని ఉంటే నేను తీసేవాణ్ణి కాదు. అంటే నేను నిజంగా విన్నది ఎవరి మాట?

చింతచెట్టు_నీడ
మేనమామ మాట. ఆ మాట ఒప్పుకున్నందుకు మీ మీద గౌరవం పెరిగింది.

నల్లరేగడి
పల్నాటి గారూ, తోట ఇప్పుడు ఎలా ఉంది? ఇంతకుముందు కొట్టినవాటిలో సింథటిక్ పైరెథ్రాయిడ్ రకం పురుగుమందు ఏమైనా ఉందా? అవి కొడితే నల్లి ఇంకా చెలరేగుతుంది, దాన్ని తినే మిత్రపురుగులు చస్తాయి. తోటంతా పాకింది అన్నప్పటి నుంచి నాకు ఆ అనుమానం ఉంది. సీసాలు పారేయకుండా ఉంటే వెనక పేరు చూసి చెప్పండి. ఏమి కొట్టాలో మాత్రం నేను ఇక్కడ రాయను, చూడని చేనుకు మందు చెప్పడం నాకూ తప్పే. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. లేదా ఆ ఉద్యాన సహాయకురాలినే అడగండి.

పల్నాటి_కుర్రాడు
అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మూడు రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చాను, ఇక్కడి నుంచే రాస్తున్నాను.

నల్లరేగడి గారూ, మీ అనుమానం నిజమే. రెండో సీసా పైరెథ్రాయిడే. ఆ మేడమ్‌కు చూపించాను, ఆమె కూడా మీలాగే అన్నారు. ఆమె రాసిచ్చిన నల్లి మందు ఒకటి కొట్టి ఈ రోజుకు పన్నెండు రోజులు. పాత ఆకు అలాగే ఉంది కానీ చివర్లలో కొత్త చిగురు నిటారుగా వస్తోంది. రాలిన పూత ఎలాగూ రాదు. మొదటి కోత తగ్గుతుందని నాన్న అంటున్నారు, రెండో కోత మీద ఆశ ఉంది.

నిన్న పొద్దున్న నాన్న నన్ను చేలోకి తీసుకెళ్లారు. ఒక మొక్క దగ్గర వంగి ఆకు తిప్పి "చూడు, నరం పక్కన" అన్నారు. నాకేమీ కనిపించలేదు. కొత్తగా కొన్న పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే అప్పుడు కదిలాయి, దుమ్ము రేణువులంత, లేత పసుపు రంగులో. నాన్నకు వాటిని చూడాల్సిన అవసరమే రాలేదు, ఆకు వాలిన తీరు చూసే చెప్పారు. "నాకు ముందే తెలుసు, నువ్వు అంత గట్టిగా అంటే నేనే తప్పేమో అనుకున్నాను" అన్నారు. ఆ మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. పంట కంటే ఎక్కువగా, ఆయనకు తన కన్ను మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను.

ఇకముందు ఫొటో కంటే ముందు నాన్న ఏమనుకుంటున్నారో వాయిస్‌లో చెప్పమన్నాను. ఏఐని అడిగితే "ఇది ఏమై ఉండవచ్చు, తేల్చుకోవడానికి చేలో ఇంకా ఏమేమి చూడాలి" అని అడుగుతాను, మందు పేరు అడగను. నిన్న అదే పాత ఫొటో పెట్టి అలా అడిగాను. ఈసారి ఆకు అడుగు భాగం ఫొటో కావాలంది, ముడత పైకా కిందికా అని అడిగింది.

కోడు_రాసేవాడు
ఆ రెండో ప్రశ్న మొదటే అడిగి ఉంటే బాగుండేదని మీకంటే నాకే ఎక్కువ అనిపిస్తోంది.

కృష్ణవేణి
నాన్నగారితో చేలోకి వెళ్లారు, అది చాలు బాబూ. ఎండు తేజ కాయలు వచ్చాక చెప్పండి, మార్కెట్ ధరకే రెండు కిలోలు తీసుకుంటాను. మా ఇంట్లో ఆ కారం లేకుండా ఆవకాయ కలపం.

విజయనగరం_పిన్ని
నాకూ ఒక కిలో.

నల్లరేగడి
కొత్త చిగురు నిటారుగా వస్తోందంటే తోట తేరుకుంటున్నట్టే. వారం తర్వాత మళ్లీ అడుగు ఆకులు తిప్పి చూడండి, చేను మధ్యలో కాదు, గట్ల వెంట. ఆ భూతద్దం మీతో హైదరాబాదు తీసుకెళ్లకుండా నాన్నగారి దగ్గరే ఉంచి వెళ్లండి.

పల్నాటి_కుర్రాడు
ఆయన చొక్కా జేబులోనే ఉంది.